పడమటి గోడ 22 అడుగులు: నిండా అల్లుకుని పూసే తీగ ఏది పెట్టాలి? (అనంతపురం)

పడమటిమిద్దె (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల మిద్దె. పడమటి గోడ 22 అడుగుల ఎత్తు, 16 అడుగుల వెడల్పు. కింద వంటింటి కిటికీ ఒక్కటి తప్ప మిగతాదంతా బోడి గోడే. ఎండాకాలంలో మధ్యాహ్నం నుంచి పొద్దు కుంకేదాకా ఎండ దానిమీదే కాస్తుంది. రాత్రి పదింటికి పడకగది లోపలి నుంచి చెయ్యి ఆనిస్తే ఇంకా వేడిగానే ఉంటుంది.

గోడకూ కాంపౌండుకూ మధ్య నాలుగడుగుల ఎర్రమట్టి నేల ఉంది. నీళ్లు బోరువే, ఉప్పు ఎక్కువ. బకెట్ల అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది.

గోడంతా కమ్ముకుని బాగా పూసే తీగ కావాలి. అత్తగారికి పూజకు నాలుగు పూలు దొరికితే మరీ సంతోషం. నేను ఉద్యోగానికి వెళ్తాను, రోజూ కూర్చుని చూసుకునే తీరిక లేదు. ఫోటోల్లో విస్టీరియా చూసి మనసు పడ్డాను, ఇక్కడ వస్తుందా? ఇంకేదైనా మంచిది ఉంటే చెప్పండి.

రేగడినేల (కర్నూలు జిల్లా)

కాగితం పూలు పెట్టేయండి. మన ఎండకు అంతకు మించింది లేదు. హైవే డివైడర్ల మీద చూడండి, పైన మండే ఎండ, కింద కాలే తారు, అయినా విరగబూస్తుంది. నీళ్లు తగ్గిస్తేనే ఇంకా పూస్తుంది. ఉప్పు నీళ్లకు కూడా తొందరగా జడవదు. రంగుల్లో మేరీ పామర్ అడగండి, ఒకే చెట్టుకు తెలుపూ గులాబీ రెండూ వస్తాయి.

జాజిపందిరి (ప్రొద్దుటూరు)

రేగడినేల గారూ, కాగితం పూలు చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ వాసన లేదు, పూజకూ పెద్దగా వాడరు. పైగా 22 అడుగుల ఎత్తులో ముళ్ల కొమ్మల్ని ఎవరు కడతారు, ఎవరు కత్తిరిస్తారు?

చెల్లీ, నా మాట విని రాధామనోహరం పెట్టుకో. సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. చీకటి పడ్డాక వాసన మేడమీదికి కూడా వస్తుంది. మా పెరట్లో ఎండాకాలం మొదలు వానలు వెళ్లేదాకా పూస్తూనే ఉంటుంది. పూజకు తెల్లవారే కోసుకోవచ్చు.

నారుమడి (అనంతపురం)

నేను నర్సరీ నడుపుతాను. ముందు విస్టీరియా సంగతి. అది చలిదేశపు తీగ, చలికాలంలో బాగా చలి తగిలితేనే సరిగ్గా పూస్తుంది. మన జనవరి దానికి చలి కిందే లెక్క కాదు. పెద్ద పూల క్లెమాటిస్ కూడా చలిదేశపు తీగే. ఆన్‌లైన్‌లో వీటి విత్తనాలు అమ్ముతుంటారు, డబ్బు పోగొట్టుకోవద్దు.

తీగ కొనడానికి వచ్చేవాళ్లు మొదట రంగు అడుగుతారు. నేను మాత్రం గోడ అడుగుతాను. ఎందుకంటే ఒక్కో తీగ ఒక్కో రకంగా పైకి పోతుంది. ఆ పట్టు తెలియకుండా కొంటే రెండేళ్ల తర్వాత మొత్తం కుప్పకూలి కిందికి వస్తుంది.

శంఖుపుష్పం, జాజి లాంటివి కాండంతోనే మెలితిరుగుతాయి. వాటికి సన్నటి నిలువు ఆధారం కావాలి. బోడి గోడ మీద ఒక్క అడుగు కూడా ఎక్కలేవు. వెల్లుల్లి తీగ, కోరల్ తీగ నులితీగలతో పట్టుకుంటాయి. వాటికి వైరుగానీ వలగానీ చాలు. పిల్లిగోరు తీగ, క్యాంప్సిస్ గోడనే పట్టుకుంటాయి. మొదటిది గోళ్ల లాంటి కొక్కేలతో, రెండోది కాండం మీది వేళ్లతో. కాగితం పూలకు ఇవేవీ లేవు. పొడుగాటి కొమ్మలు చాపి, పక్కనున్న దానిమీద ముల్లు ఆనించి వాలుతుంది, అంతే. గోడ మీద నిలవాలంటే ప్రతి కొమ్మా మనమే కట్టాలి.

రాధామనోహరం వీటన్నిటికీ కొంచెం భిన్నం. పాత కాండాన్ని దగ్గరగా చూడండి. ఆకు రాలిపోయినా కాడ మొదలు మాత్రం రాలదు, గట్టిపడి వంకర ముల్లులా మిగులుతుంది. దాన్ని తగిలించుకుంటూ, మెలితిరుగుతూ పైకి పోతుంది. కాబట్టి గట్టి వైర్లు ఉంటే మొదటి ఏడాది నాలుగు చోట్ల కట్టి వదిలేయొచ్చు. మీ గోడకు నా ఓటు కూడా దానికే. కానీ వైర్లు వేయించాకే మొక్క కొనండి.

పడమటిమిద్దె

చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక అనుమానం. గోడనే పట్టుకునే తీగలు ఉన్నప్పుడు వైర్ల ఖర్చెందుకు? పిల్లిగోరు తీగ పసుపు పూలు ఫోటోలో చాలా బాగున్నాయి.

ఇటుకసిమెంటు (కర్నూలు)

సివిల్ ఇంజనీరుగా చెప్తున్నాను, సొంతింటి సున్నం, ప్లాస్టరింగు గోడకు పిల్లిగోరు తీగ వద్దు. ప్లాస్టరింగులో వెంట్రుక మందం బీట ఉన్నా అందులోకి దూరుతుంది. పీకితే రంగు, ఒక్కోచోట ప్లాస్టరు పెచ్చు కూడా ఊడి వస్తుంది. పైగా గోడకు అంటుకునే తీగ వెనక మళ్లీ పెయింటు వేయలేరు, బీట వస్తే కనిపించదు. నేలలో గడ్డలు పెట్టి ఎక్కడెక్కడో మొలుస్తుంది కూడా. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో అదొక పెద్ద కలుపు సమస్య. పూత చూస్తే ఏడాదికి కొద్ది రోజులే.

వైర్లు ఇలా వేయించండి. ముందు బీటలు పూడ్చి, బయటి పెయింటు రెండు కోట్లు కొట్టించండి. తర్వాత మళ్లీ ఆ అవకాశం రాదు. జీఐ వైరు (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) మూడు మిల్లీమీటర్ల మందానికి తక్కువ కాకుండా తీసుకోండి. గోడకూ వైరుకూ మధ్య నాలుగంగుళాల సందు తప్పనిసరి. ఆ సందులో గాలి ఆడుతుంది, వానకు తడిసిన గోడ ఆరుతుంది, వేడి కూడా అక్కడే పోతుంది. మీకు గది చల్లబడాలంటే ఆకుల నీడ ఎంత ముఖ్యమో ఈ సందూ అంతే ముఖ్యం.

నిలువు వైర్లు అడుగున్నరకొకటి, అడ్డం వైర్లు మూడడుగులకొకటి. కొక్కెం బోల్టులు ఇటుకల మధ్య అతుకులో కాదు, ఇటుక నడుమ పడాలి. స్లాబు, బీము వచ్చే ఎత్తులో అయితే కాంక్రీటులోనే యాంకర్ బోల్టు వేయించండి, మొత్తం బరువు మోసేది అదే. డ్రిల్లు రంధ్రం బయటివైపుకు కాస్త వాలుగా ఉంటే వాన నీళ్లు లోపలికి పోవు. చుట్టూ సీలెంటు పూయించండి. నిలువు వైర్ల అడుగున బిగింపు స్క్రూలు పెట్టించుకుంటే, సాగినప్పుడు మీరే బిగించుకోవచ్చు. మీ బేల్దారికి ఇదంతా కాగితం మీద గీసి చూపించండి.

పైన పిట్టగోడకు అడుగున్నర కిందే వైర్లు ఆపేయాలి. తీగ మిద్దె మీదికి పాకితే ఆకులు తూముల్లో ఇరుక్కుని నీళ్లు నిలుస్తాయి. పీవీసీ పైపులకు కూడా దూరంగా ఉంచండి.

కొండగాలి (ఉరవకొండ)

ఎవరూ గాలి మాట ఎత్తలేదు. అనంతపురంలో పడమటి గోడ అంటే ఎండ ఒక్కటే కాదు. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి నేరుగా ఆ గోడకే కొడుతుంది. మా ఉరవకొండ వైపు, అటు రామగిరి కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. వానలో తడిసి బరువెక్కిన తీగను ఆ గాలి పట్టి లాగితే ప్లాస్టిక్ వల ఒక్క సీజను కూడా ఆగదు. నైలాన్ తాళ్లు ఎండకు పెళుసై తెగిపోతాయి. ఇటుకసిమెంటు సార్ చెప్పిన జీఐ వైరే సరైనది.

లేత మొక్కను జూన్‌లో పెడితే గాలికి మొదలు ఊగి వేళ్లు కదులుతాయి. మన జిల్లాకు ఎక్కువ వాన సెప్టెంబర్లోనే. అప్పటికి గాలి కూడా తగ్గుతుంది. అప్పుడు నాటండి. ఎండాకాలం వచ్చేలోపు వేళ్లు దిగడానికి అయిదారు నెలలు దొరుకుతాయి.

రేగడినేల

గాలి మాట నిజమే. కానీ నా మాట కూడా పూర్తిగా వినండి. రాధామనోహరానికి ఎండాకాలంలో నీళ్లు కావాలి. అనంతపురం బోరు మే నెలలో ఎలా ఉంటుందో మీకు తెలుసు. నీళ్లు అందకపోతే ఆకు వడలిపోతుంది, మీకు గోడ కప్పాల్సిన నెలల్లోనే అది బోసిగా కనిపిస్తుంది. కాగితం పూలైతే ఏడాది దాటాక మర్చిపోయినా బతుకుతుంది. రంగు కనిపించేదంతా పువ్వు కూడా కాదు, పక్కనుండే ఆకులే. అసలు పువ్వు మధ్యలో సన్నటి తెల్ల గొట్టంలా ఉంటుంది. అందుకే వారాల తరబడి రాలకుండా నిలుస్తుంది.

జాజిపందిరి

అది నేనూ ఒప్పుకుంటాను, నీళ్ల విషయంలో కాగితం పూలదే పైచేయి. కానీ అది కింది సగంలో బోడి కట్టెగా మారుతుంది, పూలన్నీ పైన మేడ ఎత్తులో. వంటింటి కిటికీ పక్కన నిలబడి చూసేవాళ్లకు ముళ్లే మిగులుతాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో దారి పక్కన ముళ్ల తీగ నాకు మనసొప్పదు. రాధామనోహరానికి వేళ్లు దిగాక ఎండాకాలంలో వారానికి రెండుసార్లు నిండుగా నీళ్లు పెడితే చాలు. పాదు నిండా శనక్కాయ పొట్టు పరచండి. మన జిల్లాల్లో దానికి కరువే లేదు.

నారుమడి

ఇద్దరు చెప్పినవీ నిజాలే. తేల్చాల్సింది ఆ ఇంట్లో నీళ్లు ఎన్ని మిగులుతాయన్నది. వారానికి రెండుసార్లు తలో రెండు బకెట్లు ఇవ్వగలిగితే రాధామనోహరం. అది కూడా కష్టమైతే కాగితం పూలే, ఇంకో ఆలోచన వద్దు.

ఉప్పు నీళ్ల గురించి. రోజూ కొంచెం కొంచెం పోస్తే నీళ్లు ఆవిరైపోయి ఉప్పు పైమట్టిలోనే ఉండిపోతుంది, తెల్లగా పొర కడుతుంది. దానికంటే తక్కువసార్లు, ఎక్కువ నీళ్లు పెట్టాలి. అప్పుడు ఉప్పు వేళ్ల కిందికి దిగుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, బకెట్ పెట్టి పట్టుకుని మొక్కకే పోయండి. మిద్దె మీద పడే వాన నీళ్లు ఒక పైపు ద్వారా ఆ పాదులోకే వదలగలిగితే ఏడాదంతా పేరుకున్న ఉప్పును సెప్టెంబర్ వానే కడిగేస్తుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. కొత్త ఇళ్ల గోడ పక్కన మట్టి అని మీరనుకునేది సగం మట్టి కాదు. ఇల్లు కట్టేటప్పుడు పారేసిన సిమెంటు పెళ్లలు, ఇసుక, కంకర. అక్కడ మొక్క పెడితే లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. సున్నం ఎక్కువైనచోట మొక్క ఇనుమును తీసుకోలేదు, అదీ కారణం. అది చూసి చాలామంది నీళ్లు చాల్లేదని ఇంకా పోస్తారు. గుంత రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు తవ్వి, ఆ చెత్తంతా బయట పారేయించండి. మంచి ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నింపండి. ఆ తర్వాత కూడా ఆకు పసుపు తిరిగితే లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి.

గోడకు ఆనించి మాత్రం నాటకండి. అడుగున్నర, రెండడుగుల దూరం ఉండాలి. చిన్న కర్ర వాలుగా పాతి తీగను గోడ వైపు మళ్లించుకోవచ్చు.

ఇటుకసిమెంటు

దూరం గురించి నల్లరేగడి నేలలున్న వాళ్లకు ఒక హెచ్చరిక. కర్నూలు, నంద్యాల వైపు రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే చీలుతుంది. పునాది పక్కనే రోజూ నీళ్లు పెడితే గోడకే ప్రమాదం. అలాంటిచోట మూడడుగులకు తగ్గొద్దు. పడమటిమిద్దె గారిది ఎర్రమట్టి కాబట్టి అంత టెన్షన్ లేదు.

పడమటిమిద్దె

రెండు బకెట్లు ఇవ్వగలం. వారానికి రెండుసార్లంటే ఎండాకాలంలో కూడా ఇబ్బంది లేదు, ఏసీ నీళ్లు ఇప్పటిదాకా ఊరికే పోతున్నాయి. అత్తగారు ఒకటే అడుగుతున్నారు. గుబురుగా పెరిగితే పాములు చేరతాయేమోనని భయం. అలాగే వంటింటి కిటికీ దగ్గర సన్నజాజి పెట్టుకోవచ్చా అని కూడా.

జాజిపందిరి

అమ్మ భయం న్యాయమైనదే. తీగ వాసనకు పాము రాదు. కింద చెత్త, ఇటుకల కుప్ప, ఎలకల బొక్కలు ఉంటే వస్తుంది. నేల నుంచి రెండడుగుల ఎత్తు దాకా ఆకు, చిన్న కొమ్మలు తీసేసి మొదళ్లు స్పష్టంగా కనిపించేలా ఉంచండి. రాధామనోహరం మొదట్లోంచి పిలకలు వేస్తూనే ఉంటుంది, కనిపించినవి కనిపించినట్టు తీసేయాలి. కావాలంటే ఆ పిలకల్నే వేళ్లతో సహా తీసి చుట్టాలకు ఇవ్వొచ్చు.

సన్నజాజి కిటికీ పక్కన తప్పకుండా పెట్టండి, కానీ రాధామనోహరానికి ఆరేడు అడుగుల దూరంలో, విడిగా ఒక వైరుకు. రెండూ ఒకే వైరు మీదికి ఎక్కితే సన్నజాజికి ఎండ దొరకదు. రాధామనోహరం బలం ముందు అది నిలవలేదు. సన్నజాజి 22 అడుగులు పోనవసరం కూడా లేదు. చేతికందే ఎత్తులో ఉంటేనే సాయంత్రం మొగ్గలు కోసుకోగలం. డిసెంబర్, జనవరిలో కొమ్మలు కురచగా కత్తిరించి, ఆకు దూసి, ఎరువు వేస్తే ఎండాకాలం ముందే కొత్త చిగురుతో మొగ్గ వేస్తుంది. మొగ్గలు తెల్లబడి నిండుగా ఉబ్బినప్పుడు, విచ్చుకోకముందే కోయాలి. మాల కట్టేలోపు విచ్చుకుంటే వాసన సగం పోతుంది.

కడపబండ (కడప)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మాదీ పడమటి గోడే. కానీ గోడ పక్కన మట్టే లేదు, సందంతా బండలు పరిచి సిమెంటు పోశారు. మాలాంటి వాళ్లకు దారి ఏదైనా ఉందా?

ఇటుకసిమెంటు

రెండు దార్లున్నాయి. ఒక బండ లేపించి గుంత తవ్వించడం మొదటిది, అదే మంచిది. కడప ఎండకు తొట్టిలో వేరు ఉడికిపోతుంది. మురుగు పైపు, సంపు ఎక్కడున్నాయో ముందు చూసుకోండి.

రెండోది పైనుంచి కిందికి వదలడం. మిద్దె అంచున పెద్ద తొట్లు పెట్టి తీగను వేలాడదీయడం. బరువు లెక్క మర్చిపోవద్దు. వంద లీటర్ల తొట్టిలో తడిమట్టి 160, 170 కిలోల దాకా తూగుతుంది. స్లాబు మధ్యలో కాదు, గోడో బీమో కింద ఉన్నచోటే పెట్టాలి. తొట్టి కింద ఇటుకలు పెట్టి ఖాళీ ఉంచండి, చెమ్మ దిగదు.

నారుమడి

వేలాడటానికి కర్టెన్ క్రీపర్ అడగండి, పరదా లాగే దిగుతుంది. పూలు మాత్రం చెప్పుకోదగ్గవి కావు. పూలే కావాలంటే కాగితం పూలను పైనుంచి వదలండి. తొట్టిలో వేరు ఇరుగ్గా ఉన్నా, నీళ్లు ఒకరోజు తప్పినా పూస్తుంది. తెచ్చిన కవరులోంచి తీసేటప్పుడు మట్టిముద్ద విడిపోకుండా చూసుకోండి. దాని వేళ్లు సన్నగా పెళుసుగా ఉంటాయి, మట్టి రాలిపోతే మొక్క తేరుకోదు.

కడియం నర్సరీల నుంచి లారీలో వచ్చిన మొక్కను దిగినరోజే ఎండలో నాటొద్దు, ఏ తీగైనా సరే. వారం, పది రోజులు నీడలో ఉంచి, కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయండి. గోదావరి గాలికి పెరిగిన ఆకు ఇది.

రేగడినేల

కడపబండ గారికి నా ఓటు కూడా అదే, పైనుంచి వదిలితే కాగితం పూలకు కట్టే పని కూడా తప్పుతుంది. పడమటిమిద్దె గారూ, రాధామనోహరం గోడ నిండటానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోపు అడుగు భాగం బోసిగా ఉండకుండా శంఖుపుష్పం గింజలు వేయండి. రాత్రంతా నానబెట్టి వేస్తే తొందరగా మొలుస్తాయి. నీలం పూలు రెండో మూడో నెలకే వస్తాయి, పూజకూ పనికొస్తాయి. పప్పుజాతి మొక్క కాబట్టి నేలకు నత్రజని కూడా ఇస్తుంది. పెద్ద తీగ ఎక్కేసరికి దాన్ని తీసేయొచ్చు.

పడమటిమిద్దె

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నాం. ఆగస్టులో పెయింటు, వైర్లు. మొదటి మంచి సెప్టెంబర్ వానకు గోడకు రెండడుగుల దూరంలో రాధామనోహరాలు రెండు, ఎనిమిదడుగుల ఎడంతో. వంటింటి కిటికీ అవతలి చివర సన్నజాజి ఒకటి. మొదటి ఏడాది కింద శంఖుపుష్పం. బేల్దారికి కొలతలు రాసిచ్చాను. చివరిగా ఒక్కటి, రాధామనోహరాన్ని ఎప్పుడు, ఎంత కత్తిరించాలి?

నారుమడి

మొదటి ఏడాది కొమ్మ చివర్లు తుంచడం తప్ప కత్తిరించొద్దు. రెండడుగులు పెరిగాక కొస తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. వాటిని విసనకర్రలా రెండు వైపులా పరిచి వైర్లకు వదులుగా కట్టండి. నూలుగుడ్డ పేలికలతో కట్టాలి, ఇనుప తీగతో వద్దు. కాండం లావెక్కేకొద్దీ అది లోపలికి కోసుకుపోతుంది. తిన్నగా పైకి వదిలేస్తే పోయి పిట్టగోడ దగ్గరే గుబురు కడుతుంది, కింద ఏమీ ఉండదు.

రెండో ఏడాది నుంచి, పూత తగ్గి ఆకు రాలే డిసెంబర్, జనవరిలో ఎండినవి, చిక్కుపడినవి తీసేసి మిగతా కొమ్మల్ని మూడోవంతు తగ్గించండి. పూత కొత్త కొమ్మకే వస్తుంది కాబట్టి భయపడక్కర్లేదు. ఎత్తు పనికి నిచ్చెన పట్టుకోవడానికి ఇంకొకరు తప్పనిసరి. కత్తిరించాక పాదు తవ్వి రెండు తట్టల పశువుల ఎరువు వేసి నిండుగా నీళ్లు పెట్టండి. ఎండాకాలంలో లేత కొసల్లో తెల్లగా దూదిలా పిండినల్లి కనిపిస్తే ముందు నీళ్లు జోరుగా కొట్టి కడిగేయండి. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక కొట్టండి.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూడకండి. మొదలు లావుగా ఉండి, కిందినుంచి రెండు మూడు కొమ్మలున్నదే తీసుకోండి.